మిరప కాలం చూసుకుని టైంటేబుల్: సిరొంచ వైపు హైస్కూలుకు కొత్తగా హెడ్‌మాస్టర్ అయినవారికి

చార్జి తీసుకునే రోజు స్టాఫంతా కలిసి మీకు శాలువా కప్పి, కొబ్బరికాయ చేతిలో పెట్టి ఫోటో దిగుతారు. అది మహారాష్ట్ర మర్యాద, కాదనకండి. ఫోటో అయ్యాక శాలువా కుర్చీ మీద వేసి మీరు మొదట అడగాల్సింది ఆఫీసు బీరువా తాళంచెవి. టైంటేబుల్, రిజల్టు, గోడలకు రంగులు అన్నీ ఆ తర్వాతే.

సిరొంచ తాలూకాలోనో, ప్రాణహిత ఒడ్డున ఇంకెక్కడో ఉన్న మరాఠీ మీడియం హైస్కూలుకు వెళ్తున్నవారి కోసం ఇది రాస్తున్నాను. మన పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడతారు, కొందరు గోండుల మాడియా భాష. పుస్తకం మాత్రం మరాఠీ. జిల్లా ఆఫీసు గడ్చిరోలిలో, ఆలాపల్లి మీదుగా రెండు వందల కిలోమీటర్ల పైమాటే. తెలంగాణ మాత్రం వంతెన దాటితే వచ్చేస్తుంది. పుణెలో కూర్చుని రాసిన సర్క్యులర్ మనదాకా వచ్చేసరికి ఎక్కడో ఒకచోట మెలిక పడుతుంది. ఆ మెలికలు ఎక్కడ పడతాయో ముందే తెలిస్తే సగం టెన్షన్ తగ్గుతుంది.

1. బీరువా తెరిచి దాఖల్ ఖారిజ్ రిజిస్టర్లు లెక్కపెట్టండి

పిల్లలు చేరినదీ, మానేసినదీ రాసే ఈ పుస్తకాలు స్కూలు పెట్టిన సంవత్సరం నుంచి ఒక్కటీ తగ్గకుండా ఉన్నాయో లేదో చూడండి. తగ్గితే చార్జి లిస్టులో ‘ఫలానా సంవత్సరాల రిజిస్టర్ అందలేదు’ అని రాయించి, పాత హెడ్‌మాస్టర్ దాని కింద సంతకం చేశాకే మీరు చేయండి. ఇక్కడ మొహమాటపడితే రేపు ఆ పుస్తకం పోగొట్టింది మీరే అవుతారు.

ఎందుకింత పట్టు అంటే, మీ గది గుమ్మంలో ఎక్కువసార్లు నిలబడేది తాత పేరు వెతుక్కుంటూ వచ్చిన మనవడు. కాస్ట్ వాలిడిటీకి, అంటే కులం సర్టిఫికెట్ నిజమేనని తేల్చే పత్రానికి, పాత కాగితం కావాలి. ఎస్సీలైతే 1950 ఆగస్టు 10, ఎస్టీలైతే 1950 సెప్టెంబర్ 6, విముక్త, సంచార జాతులైతే 1961 నవంబర్ 21, ఓబీసీలైతే 1967 అక్టోబర్ 13. ఆ తేదీకి ముందు తమ కుటుంబం మహారాష్ట్రలోనే ఉందని, కులం ఇదేనని చూపాలి. నది అవతల చుట్టాలున్న ప్రతి ఇంటికీ ఈ ప్రశ్న ఇంకాస్త గట్టిగా తగులుతుంది. పట్టా భూమి లేని ఇంటి దగ్గర ఏముంటుంది? తాత ఐదో తరగతిలో చేరి మధ్యలో మానేసినప్పుడు ఎవరో గుమాస్తా రాసిన ఆ ఒక్క వరసే.

నేను మొదట పనిచేసిన స్కూల్లో అలాంటి ఒక పుస్తకాన్ని చెదలు తిన్నాయి. ఒక పెద్దాయన మనవడి ఇంజనీరింగ్ సీటు కోసం వచ్చాడు. పేజీ దొరికింది. పేరు ఉంది, ఊరు ఉంది, కులం గడి ఉండాల్సిన చోట వేలు దూరేంత కన్నం. ఆయన ఆ కన్నంలోంచి కింది పేజీని చూస్తూ చాలాసేపు ఊరుకున్నాడు. నేను చేరి అప్పటికి ఎనిమిది నెలలు. ఆ ఎనిమిది నెలల్లో ఒక్కసారి కూడా ఆ అర తీసి చూడలేదు.

కాబట్టి మొదటి వారంలోనే ఇవి చేయండి. పుస్తకాలను గోడకు ఆనించకుండా పై అరలోకి మార్చండి, గుడ్డలో చుట్టి పెట్టండి. ప్రతి పేజీ ఫోన్‌తో ఫోటో తీసి రెండు చోట్ల దాచండి. నెలకోసారి తెరిచి చూడండి. అసలు పుస్తకం స్కూలు గేటు దాటకూడదు, అడిగినవాళ్లకు ధ్రువీకరించిన నకలు ఇవ్వండి. పాత ఎంట్రీ మీద ఎంత పెద్దమనిషి అడిగినా పెన్ను పెట్టకండి. పుట్టిన తేదీ, కులం, పేరు మార్చే అధికారం హెడ్‌మాస్టర్‌కు లేదు, శిక్షణాధికారి (జిల్లా విద్యాధికారి) లిఖిత అనుమతి రావాలి. ఊరి పెద్ద వచ్చి ‘ఒక్క అక్షరమే కదా సార్’ అంటారు. ఆ ఒక్క అక్షరానికే ఉద్యోగాలు పోయాయి.

2. పేర్లు జులైలోనే సరిచేయండి

మన ఇళ్లలో పేరు ఒకలా, మరాఠీ కాగితంలో ఒకలా, ఆధార్‌లో ఇంకోలా ఉంటుంది. ఇక్కడి పద్ధతిలో ఇంటిపేరు, సొంత పేరు, తండ్రి పేరు, మూడూ విడివిడిగా పూర్తిగా ఉండాలి. నది అవతల చెన్నూరు వైపు అమ్మమ్మ ఇంట్లో పెరిగిన పిల్లాడి ఆధార్‌లో ఇంటిపేరు ఒక్క పొడి అక్షరమై కూర్చుంటుంది. మల్లయ్య ఒక కాగితంలో మల్లయా, ఇంకో దాంట్లో మలయ్యా. తల్లి పేరైతే మరీ. లక్ష్మి అని చెప్తే రాసేవాడు అలవాటుకొద్దీ చివర ‘బాయి’ తగిలిస్తాడు. పదో తరగతి మార్క్‌షీట్ మీద తల్లి పేరు కూడా అచ్చవుతుందన్న సంగతి అప్పుడు ఎవరికీ గుర్తుండదు. విద్యార్థికిచ్చే గుర్తింపు సంఖ్య, అపార్ ఐడీ కూడా ఆధార్‌లో పేరు కలిస్తేనే వస్తుంది.

తొమ్మిదో తరగతి జులైలోనే ఒక తెల్లకాగితం మీద నాలుగు గళ్లు గీయించండి: రిజిస్టర్‌లో ఉన్నది, ఆధార్‌లో ఉన్నది, జనన దాఖలాలో ఉన్నది, తల్లి స్వయంగా చెప్పినది. తల్లిని పిలిచి చదివి వినిపించండి, తెలుగులో. తేడా వస్తే ఏది మార్చాలో అప్పుడే తేల్చి పంపించండి. పది దాటాక మార్చాలంటే నాగపూర్ డివిజనల్ బోర్డు దాకా వెళ్లాలి. కూలికి పోయే మనిషికి అది రానూపోనూ రెండు మూడు రోజుల కూలి, బస్సు చార్జీలు అదనం.

బోర్డు నుంచి ప్రీ-లిస్ట్ (పరీక్ష రాసేవాళ్ల పేర్ల ముందస్తు జాబితా) వచ్చినప్పుడు కూడా క్లర్కు సరిచూశాడులే అని సంతకం పెట్టకండి. పిల్లల్నే వరసలో నిలబెట్టి ఎవరి వరస వాళ్లతో చదివించండి. సొంత పేరులో తప్పును పిల్లలు పట్టుకున్నంత త్వరగా ఏ క్లర్కూ పట్టుకోడు.

3. ఊరి క్యాలెండర్ గీసి, దాని మీద స్కూలు క్యాలెండర్ పెట్టండి

విదర్భలో బడి జూన్ ఆఖరి వారంలో తెరుస్తాం. ఆ తర్వాత ఏడాదంతా సమానంగా ఉన్నట్టు ఆఫీసు క్యాలెండర్ చెప్తుంది. మన ఏడాది సమానంగా ఉండదు. ఒక పెద్ద చార్టు మీద పన్నెండు నెలలు గీసి, ముందు ఊరి సంగతులు నింపండి.

జులై, ఆగస్టు నదులవి. 2022 జులైలో గోదావరి, ప్రాణహిత కలిసి ఏం చేశాయో ఇక్కడ ఎవర్నడిగినా చెప్తారు. వాగు అవతల ఊళ్ల పిల్లల జాబితా వేరుగా రాసుకోండి. వర్షం పట్టిన రోజు మధ్యాహ్నం ఎప్పుడు వదలాలో నిర్ణయించేది ఆ జాబితానే, గంట కాదు. ఎద్దుల పండగ పోళా, బతుకమ్మ, దసరా గుర్తు పెట్టండి. రెండేళ్లకోసారి మాఘ పున్నానికి మేడారం జాతర, 2024లో ఫిబ్రవరిలో వచ్చింది, 2026లో జనవరి ఆఖరున. ఆ నాలుగు రోజులు క్లాసులో బెంచీలే ఉంటాయి. హెడ్‌మాస్టర్ చేతిలో ఉండే స్థానిక సెలవును అక్కడ వాడండి. ప్రాక్టికల్ పరీక్ష ఆ వారంలో పెట్టుకున్నవారిని చూశాను, పాపం బయటినుంచి వచ్చిన ఎగ్జామినర్‌కు టీ ఇచ్చి పంపేశారు.

అన్నిటికంటే పెద్దది మిరప. సంక్రాంతి దాటాక ములుగు, భూపాలపల్లి, ఖమ్మం వైపు మిరప ఏరడానికి ముఠాలు కదులుతాయి. ఏప్రిల్ దాకా ఏరుతూనే ఉంటారు. మన పదో తరగతి బోర్డు పరీక్ష సరిగ్గా ఆ మధ్యలో పడుతుంది, 2025లోనైతే ఫిబ్రవరి 21నే మొదలైంది. ఇల్లంతా వెళ్తుంటే పదిహేనేళ్ల పిల్ల ఒక్కతే ఎక్కడ ఉంటుంది? తొమ్మిదో తరగతి ఆడపిల్లల్ని మరీ తీసుకెళ్తారు, చేను గట్టున చంటిపిల్లను చూడాలి కదా.

ఇది జనవరిలో పరిష్కారమయ్యే పని కాదు. దీపావళి సెలవులకు ముందే క్లాస్ టీచర్ చేత ఇంటింటి లెక్క రాయించండి: ఎవరెవరు వెళ్తారు, ఎవరితో వెళ్తారు, ఇంట్లో మిగిలేదెవరు. ముసలమ్మ ఉంటే పిల్లను ఆమె దగ్గర వదలమని అడగండి. ఎవరూ లేకపోతే హాస్టల్లోనో, ఊళ్లోనే చుట్టాలింట్లోనో చోటు చూడండి. డిసెంబర్‌లో తల్లిదండ్రుల మీటింగ్ రాత్రి ఏడింటికి పెట్టండి, పగలు పెడితే సర్పంచ్, నలుగురు ముసలివాళ్లు తప్ప ఎవరూ రారు.

ఆ మీటింగ్‌కు కూలీలను పోగేసి తీసుకెళ్లే ముఠా మేస్త్రీని కూడా పిలవండి. ఈ ఒక్క చిట్కా కోసమే మిగతాదంతా రాశాననుకోండి. తల్లిదండ్రుల ఫోన్లు చేలల్లో కలవవు, మేస్త్రీ ఫోన్ మాత్రం ఎప్పుడూ కలుస్తుంది. ఎవరు ఏ ఊరి చేనులో ఉన్నారో, పిల్లను ఏ బండిలో వెనక్కి పంపవచ్చో తెలిసింది అతనికే. అతన్ని కుర్చీలో కూర్చోబెట్టి, ‘అన్నా, పరీక్ష రాసే పిల్లల్ని బండి ఎక్కించుకోవద్దు, ఎక్కితే హాల్‌టికెట్ రోజుకు నువ్వే దింపాలి’ అని నలుగురి ముందు మాట తీసుకోండి. నలుగురిలో ఇచ్చిన మాట అతను తప్పడు. నా అనుభవంలో ఏ సర్క్యులర్ కన్నా ఆ మాటే ఎక్కువ పనిచేసింది.

ఎనిమిదో తరగతి లోపు పిల్లలు వెళ్లక తప్పకపోతే ఏ క్లాసులో ఉన్నాడో తెలిపే శిక్షణ్ హమీ (చదువు హామీ) కార్డు రాసిచ్చి పంపండి. అక్కడి బడిలో కూర్చోబెడితే అదృష్టం, లేకున్నా తిరిగొచ్చినప్పుడు ఏ క్లాసులో ఉన్నాడో తెలుస్తుంది. బోర్డు పరీక్షకు 75 శాతం హాజరు కావాలన్న సంగతి మాత్రం తల్లిదండ్రులకు ఆగస్టు నుంచే చెప్తూ ఉండండి.

4. సైన్స్ ల్యాబ్‌లో భాషను సరిచూడండి

మరాఠీ సైన్స్ ప్రయోగవహి, అంటే ప్రయోగాల నోటుబుక్కు తెరవండి. ప్రతి ప్రయోగానికి నాలుగు శీర్షికలుంటాయి: సాహిత్య, కృతి, నిరీక్షణ్, అనుమాన్. మన పిల్లాడి చెవిలో అవి ఎలా మోగుతాయో ఒకసారి ఊహించండి. సాహిత్యం అంటే వాడికి కథలూ పద్యాలూ, అక్కడేమో పరీక్షనాళిక, గరాటు, లిట్మస్ కాగితం. కృతి అంటే త్యాగయ్య, అక్కడ ప్రయోగం చేసే తీరు. నిరీక్షణ అంటే ఎదురుచూపు, అక్కడ పరిశీలన. అనుమానం అంటే పక్కింటివాడి మీద కలిగేది, అక్కడ ప్రయోగం చివర తేలిన ఫలితం. ఒక పిల్లాడు నిజంగానే ‘నిరీక్షణ్’ కింద ‘ఐదు నిమిషాలు’ అని రాశాడు. టీచర్ తిట్టాడు. నాకైతే ముచ్చటేసింది, వాడు ఆలోచించే రాశాడు కదా.

రెండు భాషల్లోనూ సంస్కృతం మాటలు ఎక్కువ కాబట్టి మరాఠీ మనవాళ్లకు సులువని బయటి టీచర్లు అనుకుంటారు. అసలు తెలియని మాటను పిల్లవాడు అడుగుతాడు. తెలిసిందనుకున్న మాటను అడగడు, తప్పుగా అర్థం చేసుకుని ముందుకు వెళ్లిపోతాడు. మరాఠీలో రాగ్ అంటే కోపం, అవకాశ్ అంటే ఖాళీ స్థలం. ఇలాంటివి ప్రతి సబ్జెక్టులో ఉంటాయి.

చేయాల్సింది ఇదీ. జులైలో ప్రతి సబ్జెక్టు టీచర్ తన పుస్తకంలోంచి ఇలాంటి మోసం చేసే మాటలు ఏరాలి. ఏరడానికి టీచర్‌కు తెలుగు రాకపోతే పదో తరగతి పిల్లల్నే కూర్చోబెట్టుకోవాలి. వారానికి పది మాటలు గోడ మీద, మరాఠీ ఒక పక్క, తెలుగు అర్థం ఒక పక్క. మాడియా పిల్లలుంటే మూడో గడి. క్లాసులో జవాబు మొదట తెలుగులో చెప్పనివ్వండి, తర్వాత మరాఠీలో రాయించండి. విషయం వచ్చిందో లేదో ముందు తేలుతుంది, భాష తప్పు వేరుగా దిద్దుకోవచ్చు. ‘వర్గంలో (తరగతిలో) తెలుగు మాట్లాడొద్దు’ అన్న బోర్డు ఎక్కడైనా ఉంటే నిశ్శబ్దంగా తీసేయండి. మాతృభాషలో బోధన గురించి రాజ్యాంగంలోని 350ఏ అధికరణం చెప్పేది ప్రాథమిక స్థాయి వరకే. పిల్లాడు మన దగ్గరికి వచ్చేసరికి ఆ స్థాయి ఎప్పుడో దాటిపోయి ఉంటుంది, మనం చేసేదంతా మరమ్మతే.

వర్ధా, చంద్రపూర్ నుంచి వచ్చిన టీచర్లకు ఒక యాభై తెలుగు మాటలు నేర్పించండి. చిన్నతనంగా అనుకుంటే గిడుగు రామమూర్తి గారి సంగతి చెప్పండి. ఇలాంటి మరో సరిహద్దు ఊరు పర్లాకిమిడిలో బడిపంతులుగా ఉంటూ, సవర పిల్లలకు చదువు చెప్పడానికి సవర భాష నేర్చుకుని, వాళ్ల కోసం పుస్తకాలు రాశారాయన.

5. స్టాఫ్

ఖాళీ పోస్టులు ఉంటాయి. లెక్కలకు, సైన్సుకు తప్పకుండా ఉంటాయి. నెలనెలా లిఖితంగా అడుగుతూ ఉండండి, జావక్ (బయటికి వెళ్లే ఉత్తరాల) నంబర్ వేసి. పోస్టు రావడానికి కాకపోయినా, రిజల్టు తగ్గినప్పుడు చూపించడానికి పనికొస్తుంది. ఊళ్లో బీఎడ్ చదివిన కుర్రాళ్ల చేత చెప్పించాలనుకుంటే స్కూలు కమిటీ తీర్మానం, డబ్బు ఎక్కడినుంచో, ఎన్నాళ్లకో రాసుకున్నాకే తరగతిలోకి పంపండి. నోటి మాట మీద పెట్టుకుంటే రెండేళ్లకు పర్మనెంట్ చేయమని మీ ఇంటికే వస్తారు, వాళ్ల తప్పేం లేదు.

దూరం నుంచి వచ్చే టీచర్లతో గొడవ శనివారం, సోమవారమే. శనివారం బస్సు అందుకోవాలి, సోమవారం బస్సు ఆలస్యం. షోకాజ్ ఇచ్చే ముందు టైంటేబుల్ చూడండి. సోమవారం మొదటి రెండు పీరియడ్లు, శనివారం చివరిది ఊళ్లో ఉండేవాళ్లకు ఇచ్చి, బదులుగా వాళ్లకు మిగతా రోజుల్లో ఒక పీరియడ్ తగ్గించండి. ఇద్దరూ సంతోషిస్తారు. ఇంత చేసినా మంగళవారం కూడా రానివాడికి అప్పుడు నోటీసు ఇవ్వండి, ఎవరూ మిమ్మల్ని తప్పుపట్టరు.

ఆఫీసు వాట్సాప్ గ్రూపు గురించి కూడా చెప్పాలి. ‘తాత్కాళ్’ అని ఎర్ర అక్షరాలతో నింపి పంపాల్సిన నమూనా ఫారం రోజుకొకటి వస్తుంది, అడిగేవి మాత్రం అవే అంకెలు. యూడైస్ నంబర్ (స్కూలు కోడు), తరగతివారీ సంఖ్య, కులాలవారీ సంఖ్య, గదులు, మరుగుదొడ్లు, కంప్యూటర్లు, ఖాళీలు, బ్యాంకు ఖాతా. అన్నీ ఒకే పేజీలో రాసి, ప్రతి నెలా ఒకటో తారీఖున సరిచేసి, ఇద్దరు టీచర్ల దగ్గర పెట్టండి. క్లాసులో ఉన్న టీచర్ని సమాచారం కోసం లేపకూడదన్నది ఒక్కటే నియమం.

6. డబ్బు, అన్నం

సమగ్ర శిక్షా పథకం కింద స్కూలు ఖర్చులకిచ్చే కంపోజిట్ గ్రాంటు పిల్లల సంఖ్యను బట్టి వస్తుంది: 101 నుంచి 250 వరకు ఏడాదికి 50,000, 251 నుంచి 1,000 వరకు 75,000. రావడం ఆలస్యమైతే మార్చిలో హడావిడిగా ఖర్చు పెట్టాల్సి వస్తుంది, బిల్లుల్లో తప్పులు అక్కడే దొర్లుతాయి. ఏం కొనాలో ఆగస్టులోనే కమిటీ తీర్మానం రాసి పెట్టుకోండి. సొంత జేబులోంచి పెట్టి తర్వాత తీసుకుందాం అనుకోవద్దు.

మధ్యాహ్న భోజనం ఎనిమిదో తరగతి వరకే. ఆరు నుంచి ఎనిమిది దాకా పిల్లాడికి 150 గ్రాముల బియ్యం, 30 గ్రాముల పప్పు. 120 మంది కూర్చుంటే 18 కిలోల బియ్యం, 3 కిలోల 600 గ్రాముల పప్పు. ఆ లెక్క గోడ మీద రాసి పెట్టండి, వంటమ్మకూ మీకూ వాదన ఉండదు. వడ్డించే ముందు రుచి చూసిన టీచర్ సంతకం ఏ రోజూ తప్పకూడదు. తొమ్మిది, పది పిల్లలు పక్కన నిలబడి చూస్తుంటారు, ఆ ఇబ్బంది మాత్రం నాకెప్పుడూ పోలేదు.

7. ఆడపిల్లల విషయంలో ఆగకండి

పిల్లల భద్రత చూసే సఖీ సావిత్రీ సమితి, ఫిర్యాదుల పెట్టె కాగితం మీద అన్ని స్కూళ్లలో ఉంటాయి. పెట్టె ఎక్కడుందో చూడండి. ఆఫీసు ఎదురుగా ఉంటే అందులో ఏ పిల్లా చీటీ వేయదు. ఆడపిల్లల మరుగుదొడ్డి దారిలోకి మార్చండి, లేడీ టీచర్ సమక్షంలోనే తెరవండి.

లైంగిక వేధింపు మాట చెవిన పడితే మీరు విచారణ చేసి తేల్చాల్సిన పని లేదు, తేల్చకూడదు కూడా. పిల్లలపై లైంగిక నేరాలకు సంబంధించిన పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం పోలీసులకు తెలపాలి. కింది ఉద్యోగి చేసిన నేరాన్ని సంస్థ పెద్ద దాచితే 21వ సెక్షన్ కింద ఏడాది దాకా జైలు. ఊరి పెద్దలు వచ్చి ‘మన పిల్ల పరువు’ అంటారు, స్టాఫ్ ‘స్కూలు పరువు’ అంటారు. ఇద్దరికీ కూర్చోమని చెప్పి, వాళ్ల ముందే ఫోన్ చేయండి. పిల్ల పేరు మాత్రం బయటికి రాకూడదు, వాట్సాప్‌లో అసలే కాదు. పద్దెనిమిది నిండని పెళ్లి మాట విన్నా పిల్లల హెల్ప్‌లైన్ 1098కి చేయండి. ముహూర్తాలు ఎక్కువగా వేసవి సెలవుల్లోనే ఉంటాయి కాబట్టి ఏప్రిల్‌లో ఎవరు మార్కులు అడగకుండా మౌనంగా ఉన్నారో గమనించండి.

8. జనవరి నుంచి చివరి పేపర్ దాకా

బోర్డుకు ముందు పెట్టే పూర్వ పరీక్ష అయ్యాక పిల్లల్ని మూడు గుంపులు చేయండి. పాస్ మార్కు 35 దాటనివాళ్లకు కొత్త పాఠం చెప్పకండి. లెక్కలు రెండు పేపర్లు, ఒక్కోటి 40 మార్కులు. వాటిలో వాళ్లకు వచ్చిన అధ్యాయాలనే గట్టి చేయండి. ఇంటర్నల్, ప్రాక్టికల్ 20 మార్కులు నిజంగా చేయించి ఇవ్వండి, ఊరికే వేసిస్తే పిల్లలకు తెలిసిపోతుంది, ఇక చదవరు. సెంటర్ వేరే ఊళ్లో పడితే బండి ముందే మాట్లాడండి, మేస్త్రీ తిరిగి పంపిన పిల్లల్ని మొదటి పేపర్‌కు రెండు రోజుల ముందే లెక్క చూసుకోండి.

చివరి పేపర్ రోజు గేటు బయట ట్రాలీ ఆగి ఉంటుంది. పిల్లలు బయటికి రాగానే పెన్ను జేబులో పెట్టుకుని అటునుంచి అటే మిరప చేలకు ఎక్కేస్తారు. ఎక్కేలోపు గేటు దగ్గర ఒక బల్ల వేసుకుని మీరే కూర్చోండి. ఒక్కొక్కరి దగ్గర హాల్‌టికెట్ ఫోటో తీసుకోండి, కలిసే ఫోన్ నంబర్లు రెండు రాయించుకోండి, ఒకటి మేస్త్రీది. ఫలితం మే నెలలో వస్తుంది, అప్పటికి వీళ్లంతా తునికాకు కోతలో అడవిలో ఉంటారు. 2025 నుంచి పదకొండో తరగతి అడ్మిషన్ రాష్ట్రమంతా ఆన్‌లైన్, దరఖాస్తుకు ఉండేవి కొద్ది రోజులే. ఆకు కట్టలు కడుతున్న చోటికి కబురు పంపాలంటే ఆ రెండో నంబరే కావాలి.